సర్వీసును ఆపడమంటే ఎవరిని ఆపడం?

మన కాలేజి వార్షిక సంచికకు కంప్యూటర్ల మీద ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. కంప్యూటర్ల మీద వ్యాసం అనగానే చాలామంది మానవజాతి భవిష్యత్తు దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. నాకు అంత దూరపు చూపు లేదు. హైటెక్ సిటీ ప్రాంతంలో సర్వర్ల నిర్వహణలో చాలా ఏళ్ళుగా ఉన్నవాణ్ణి. రోజూ మా చేతుల మీదుగా జరిగే ఒక చిన్న పనిని గురించే చెప్పదలచాను: నడుస్తున్న సర్వీసును ఆపడం. చిన్నదే గాని ఇందులో ఒక తిరకాసు ఉంది. తరగతి పాఠాల్లో దానికి చోటు తక్కువ. ఉద్యోగంలో చేరిన కొద్ది రోజుల్లోనే మాత్రం ఎదురవుతుంది.

సర్వీసు అనగా, కీబోర్డు ముందు ఎవరూ లేకపోయినా తెర వెనక నిరంతరం నడుస్తూ ఉండే ప్రోగ్రాము. వెబ్ సర్వరు ఒక సర్వీసు, డేటాబేస్ ఒక సర్వీసు. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ప్రక్రియ అని అనువదించవచ్చు గాని మాదాపూర్‌లో ఆ మాట అంటే ఎవరూ తల తిప్పి చూడరు, కనుక ప్రాసెస్ అనే రాస్తాను. ప్రతి ప్రాసెస్‌కూ ఒక నంబరు ఉంటుంది, దాన్ని పీఐడీ అంటారు. ఒక సర్వీసు ఒకే ఒక్క ప్రాసెస్‌గా ఉండటం అరుదు. పెద్ద ప్రాసెస్ ఒకటి, దాని కింద పనివాళ్ళ వంటి పిల్ల ప్రాసెస్‌లు కొన్ని, వాటిలో ఒకటి ఎప్పుడో పిలిచిన షెల్ స్క్రిప్టు, ఆ స్క్రిప్టు పుట్టించిన ఇంకో ప్రోగ్రాము - ఇలా ఒక సంసారం ఉంటుంది. ఒకే యంత్రం మీద ఇలాంటి సంసారాలు పదులకొద్దీ కలిసి కాపురం చేస్తుంటాయి. అప్పుడు "ఫలానా సర్వీసు ఆపు" అంటే ఎవరెవరిని ఆపాలి? ఒకరిని తక్కువ పట్టుకున్నా చిక్కే, ఒకరిని ఎక్కువ పట్టుకున్నా చిక్కే.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించేనాటికి యూనిక్స్ పుట్టి దాదాపు ముప్పై ఏళ్ళు, లైనక్స్ పుట్టి ఏడేళ్ళు. అప్పటికి గాని, ఆ తరువాత పదేళ్ళకు గాని ఈ ప్రశ్నకు గట్టి జవాబు లేదు. ప్రతి సర్వీసుకూ ఒక షెల్ స్క్రిప్టు ఉండేది. ఆపమంటే ఆ స్క్రిప్టు తనకు తోచిన గుర్తును పట్టుకుని ఆపేది. ఆ గుర్తులు ముఖ్యంగా మూడు, మూడూ నమ్మదగ్గవి కావు.

మొదటిది నంబరు. సర్వీసు మొదలైనప్పుడు తన పీఐడీని ఒక ఫైల్లో రాసిపెడుతుంది, ఆపేటప్పుడు ఆ ఫైలు చదివి ఆ నంబరు గలవాణ్ణి ఆపుతారు. హాస్టల్ రూము నంబరు చూసి మనిషిని పట్టుకోబోవడం వంటిదిది. కిందటేడు 32లో ఉన్నవాడు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు, ఇప్పుడు ఆ రూములో ఇంకొకరున్నారు. పీఐడీలు కూడా అంతే. లైనక్స్‌లో చాలాకాలం 32,768 దాకా లెక్కపెట్టి మళ్ళీ మొదటికి వచ్చి, ఖాళీగా ఉన్న నంబర్లను కొత్తవాళ్ళకు ఇచ్చేవారు. ఈ కాలపు 64 బిట్ల యంత్రాల్లో ఆ హద్దు 41,94,304 దాకా పెంచుకోవచ్చు. హద్దు పెరిగినా సంగతి మారదు. సర్వీసు హఠాత్తుగా కూలిపోయి ఫైలు మాత్రం మిగిలిపోతే, ఆ నంబరు ఎవరికి వెళ్ళిందో వాడి మెడకు ఉరి పడుతుంది.

రెండవది పేరు. అమీర్‌పేటలో ఏ కోచింగ్ క్లాసులోనైనా నిలబడి "శ్రీనివాస్!" అని పిలిచి చూడండి, ఎంతమంది లేస్తారో. మా సర్వర్లలో ఆ శ్రీనివాస్ పేరు జావా. జావాలో రాసిన సర్వీసులన్నీ యంత్రానికి జావా అనే పేరుతోనే కనబడతాయి. పేరు గలవాళ్ళందరినీ చంపు అనే ఆజ్ఞ ఇచ్చి, తన సర్వీసుతోబాటు పక్కవాడి సర్వీసును కూడా పడగొట్టిన కథ తెలియని సపోర్టు ఉద్యోగిని నేనింతవరకు చూడలేదు.

మూడవది తల్లిదండ్రుల సంబంధం. వినడానికి ఇది బాగుంటుంది. పెద్ద ప్రాసెస్ నుంచి కొమ్మలు పట్టుకుని దిగితే పిల్లలందరూ దొరకాలి గదా? దొరకరు. యూనిక్స్‌లో ఒక ఆచారం ఉంది: తల్లి చనిపోతే బిడ్డను ఒకటో నంబరు ప్రాసెస్ దత్తత తీసుకుంటుంది. ఆ క్షణం నుంచి ఆ బిడ్డ ఏ ఇంటిదో వంశవృక్షం చూసి చెప్పలేం. ఇది యాదృచ్ఛికంగా జరిగేది మాత్రమే కాదు. టెర్మినల్‌తో బంధం తెంచుకుని శాశ్వతంగా వెనకాల నడవదలచిన ప్రోగ్రాములు కావాలనే రెండుసార్లు బిడ్డను కని, మధ్యవాడు చనిపోయేట్టు చేసి, ఒకటో నంబరుకు దత్తపోయేవి. పాత పుస్తకాలు దీన్ని మంచి పద్ధతిగానే బోధించాయి.

నంబరు మారుతుంది, పేరు కలుస్తుంది, తల్లి చనిపోతుంది. మరి ఏం మిగిలింది? మన తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న కష్టం కాకూడదు: ఇంటిపేరు మిగిలింది.

లైనక్స్‌లో ఆ ఇంటిపేరును సీగ్రూప్ అంటారు, అనగా కంట్రోల్ గ్రూప్. 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ దీని మీద పని మొదలుపెట్టారు. 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నెల్‌లో ఇది చేరింది. వాళ్ళ అవసరం వేరు. ఒకే యంత్రం మీద నడిచే రకరకాల పనులకు మెమరీ ఎంత, ప్రాసెసర్ ఎంత అని వాటాలు వేయడం వాళ్ళకు కావలసింది. వాటాలు వేయాలంటే ఎవరు ఏ ఇంటివారో ముందు కెర్నెల్‌కు తెలియాలి. అందుకు పెట్టిన నియమం చాలా సాదా అయినది: ప్రతి ప్రాసెస్ ఒక గుంపులో ఉంటుంది, దానికి పుట్టిన బిడ్డ అదే గుంపులో పుడుతుంది. తల్లి చనిపోయినా, నంబరు ఏదైనా, పేరు మార్చుకున్నా గుంపు మారదు. మన ఆడపిల్లలకు పెళ్ళితో ఇంటిపేరు మారుతుందని మీరనవచ్చు. ఇక్కడా మారవచ్చు, కాని అధికారం గలవాళ్ళు ఎవరో పనిగట్టుకుని మార్చాలి. మామూలు ప్రాసెస్ తనంతట తాను గుంపు దాటిపోలేదు.

2010లో లెన్నార్ట్ పొయెటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డి అనే కొత్త సర్వీసు మేనేజరును బయటపెట్టినప్పుడు ఈ నియమాన్ని సర్వీసుల గుర్తింపుకు వాడుకున్నారు. ఒక సర్వీసును మొదలుపెట్టే ముందు సిస్టమ్‌డి దాని పేరిట ఒక గుంపు తెరుస్తుంది. మొదటి ప్రాసెస్‌ను ఆ గుంపులో పెట్టాకనే ప్రోగ్రామును నడవనిస్తుంది. ఇక అక్కడి నుంచి ఎన్ని తరాలు పుట్టినా పట్టీ కెర్నెల్ దగ్గరే ఉంటుంది. సర్వీసు ఎవరెవరంటే ఆ గుంపులో ఉన్నవాళ్ళందరూ, అంతే. 2011లో ఫెడోరా 15, 2014 జూన్‌లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7, 2015 ఏప్రిల్‌లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దీన్ని స్వీకరించాయి. నేను చూసిన ఆఫీసుల్లో మాత్రం రెడ్ హ్యాట్ 7, దాని తోబుట్టువు సెంటోస్ 7 వచ్చాకనే మనవాళ్ళు దీని మొహం చూశారు. చాలామంది తిట్టుకుంటూనే చూశారు. ఇన్నేళ్ళ స్క్రిప్టులు పనికిరాకుండా పోయాయనే బాధ అది. అందులో న్యాయం లేదనను.

గుర్తించడం అయింది. ఇక ఆపడం.

ఆపడానికి లైనక్స్‌లో వాడే సిగ్నళ్ళలో రెండింటిని తెలుసుకుంటే చాలు. పదిహేనవది టర్మ్. ఇది విన్నపం. ఇరానీ హోటల్లో రాత్రి కట్టేసే వేళకు సగం లైట్లు తీసేసి "అన్నా, బంద్ చేస్తున్నం" అంటారే, అలాంటిది. చేతిలో ఉన్న చాయ్ తాగి, డబ్బులిచ్చి లేవవచ్చు. తొమ్మిదవది కిల్. ఇది ప్రాసెస్‌కు వినిపించేది కూడా కాదు. కెర్నెలే దాన్ని ఉన్నపళంగా తీసిపారేస్తుంది. సగం రాసిన ఫైలు సగంలోనే ఉంటుంది. మా ఆఫీసుల్లో కుర్రవాళ్ళు ఏది కదలకపోయినా "నైన్ కొట్టెయ్" అంటుంటారు. ఆ మాటలో ఉన్న ఉత్సాహం నాకు నచ్చదు. మొదట పదిహేను కొట్టి ఓపిక పట్టమనడం ముసలితనపు చాదస్తం కాదు.

సిస్టమ్‌డి పద్ధతి ఇలా ఉంటుంది. సర్వీసును ఎలా ఆపాలో దాని యూనిట్ ఫైల్లో ఒక ఆజ్ఞ రాసి ఉంటే ముందు దాన్ని నడుపుతుంది. తరువాత, గుంపులో ఇంకా మిగిలినవాళ్ళందరికీ టర్మ్ పంపుతుంది. ఎవరైనా స్తంభించి నిద్రలో ఉంటే వాళ్ళకు విన్నపం వినబడదు కనుక, వెంటనే మేల్కొలుపు సిగ్నల్ కూడా పంపుతుంది. పంపుతూ ఉండగానే కొత్త బిడ్డ పుట్టవచ్చు. అందుచేత పట్టీని మళ్ళీ చదివి, కొత్తవాళ్ళు కనబడనంత వరకు అదే పని చేస్తుంది. తరువాత వేచి ఉంటుంది. గడువు మనం చెప్పకపోతే మామూలుగా 90 సెకన్లు. ఫెడోరాలో 38వ విడుదల నుంచి 45 చేశారు. గడువు తీరాక ఇంకా ఉన్నవాళ్ళకు కిల్. 2021లో వచ్చిన 5.14 కెర్నెల్‌తో గుంపు మొత్తాన్ని ఒకే వేటున తీసేసే ఏర్పాటు కూడా వచ్చింది. కిల్‌కు కూడా లొంగని స్థితి ఒకటుంది. డిస్కు నుంచో నెట్‌వర్క్ ఫైలు వ్యవస్థ నుంచో జవాబు కోసం కెర్నెల్ లోపల ఇరుక్కుపోయిన ప్రాసెస్ ఆ జవాబు వచ్చేదాకా చావదు. దానికి సిస్టమ్‌డి గాని, మనం గాని చేయగలిగింది లేదు.

ఈ మొత్తం ప్రవర్తనను మార్చడానికి యూనిట్ ఫైల్లో కిల్‌మోడ్ అనే ఒక వరస ఉంది. ఏమీ రాయకపోతే 'కంట్రోల్-గ్రూప్', అనగా ఇప్పుడు చెప్పినట్టు ఇంటిల్లిపాదికీ. 'మిక్స్‌డ్' అంటే విన్నపం ఇంటి పెద్దకు మాత్రమే, వేటు మాత్రం మిగిలినవాళ్ళందరికీ. 'ప్రాసెస్' అంటే విన్నపమైనా వేటైనా పెద్దకే, పిల్లల జోలికి పోదు. 'నన్' అని కూడా ఒకటుంది, ఎవరినీ ముట్టుకోదు. దాన్ని వాడవద్దని సిస్టమ్‌డి వాళ్ళే చెబుతున్నారు. ఈ ఒక్క వరస విలువ ఎంతో నాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాను.

ఇక్కడే ఒక సంస్థ, పేరు అనవసరం. కొన్ని కాలేజీల పరీక్ష ఫీజులు ఆన్‌లైన్లో వసూలు చేసి రసీదులిచ్చే సర్వీసు వాళ్ళది. ఒక పెద్ద ప్రాసెస్, నలుగురు పనివాళ్ళు. వరసలో వచ్చిన చెల్లింపును ఒక్కొక్కటీ తీసుకుని, బ్యాంకుతో మాట్లాడి, అపరాధ రుసుము పడాలో లేదో చూసి రసీదు రాయడం పనివాళ్ళ వంతు. గడువు తేదీ ప్రోగ్రాములోనే రాసి ఉంది. ఒకసారి ఫీజు గడువు పొడిగించారు. కొత్త తేదీతో కొత్త వెర్షన్ తయారుచేసి, రాత్రి సర్వీసును ఆపి కొత్తది ఎక్కించారు. ఎక్కించిన కుర్రవాడు తప్పు చేయలేదు. "ఆపాను సార్, ఇనాక్టివ్ అని వచ్చాకే కొత్తది స్టార్ట్ చేశాను" అన్నాడు. అది నిజమే. అయితే ఆ యూనిట్ ఫైల్లో ఎవరో ఎప్పుడో వేరే సర్వీసు నుంచి తెచ్చి అతికించిన వరస ఒకటుంది: కిల్‌మోడ్ ప్రాసెస్. పెద్ద ఆగిపోయింది. పెద్ద లేదని చూసుకుని ముగ్గురు పనివాళ్ళు కూడా వెళ్ళిపోయారు. నాలుగోవాడు ఆ సమయానికి బ్యాంకు జవాబు కోసం ఎదురు చూస్తున్నాడు. జవాబు వచ్చింది, రసీదు రాశాడు, మళ్ళీ వరసలోకి వెళ్ళి ఇంకో చెల్లింపు అందుకున్నాడు. పాత తేదీతో.

మర్నాడు మధ్యాహ్నానికి కొందరు పిల్లలకు అపరాధ రుసుము పడింది, కొందరికి పడలేదు. ఒకే రోజు, ఒకే గంటలో కట్టినవాళ్ళకు! హాల్ టికెట్ కోసం కిటికీ దగ్గర నిలబడిన అమ్మాయికి "నీ పేరున బాకీ చూపిస్తోంది" అని చెప్పి వెనక్కి పంపారు. ఆ కౌంటరులో కూర్చున్న గుమాస్తాకు సిస్టమ్‌డి అంటే ఏమిటో తెలియవలసిన పని లేదు. తెర మీద ఉన్నది చదివాడు, అంతే. కొత్త ప్రోగ్రామునే గంటల తరబడి తిరగేశారు; అందులో తప్పు లేదు గదా, దొరకదు. చివరికి నన్ను పిలిస్తే నేను చేసింది సర్వీసు స్టేటస్ చూడటమే. స్టేటస్ కింది భాగంలో గుంపులోని ప్రాసెస్‌లన్నీ చెట్టు బొమ్మలా కనిపిస్తాయి. ఐదుగురు ఉండవలసిన చోట ఆరుగురున్నారు. ఆరోవాడు పుట్టింది వెర్షన్ ఎక్కించడానికి నాలుగు రోజుల ముందు. జర్నల్ తిప్పితే, కొత్తది మొదలుపెట్టిన క్షణాన సిస్టమ్‌డి హెచ్చరిక కూడా ఉంది: ఈ గుంపులో పాత ప్రాసెస్ ఒకటి మిగిలి ఉందని, కిందటిసారి శుభ్రంగా ఆగలేదని దాని అర్థం. మేనేజరు చెప్పింది, చదివేవాళ్ళు లేకపోయారు. డబ్బులు తరువాత తిరిగి ఇచ్చారు, హాల్ టికెట్లూ ఇచ్చారు.

చేసిన మార్పులు మూడు. అతికించిన ఆ వరస తీసేశారు. టర్మ్ వస్తే చేతిలోని రసీదు ముగించి, కొత్తది తీసుకోకుండా వెళ్ళిపొమ్మని పనివాళ్ళకు నేర్పారు. ఆపే గడువును బ్యాంకు జవాబు కోసం వేచి ఉండే గరిష్ఠ సమయం కన్నా ఎక్కువ పెట్టారు. ఈ మూడవదాన్ని చాలామంది మరచిపోతారు. చేతిలో పని రెండు నిమిషాలు పట్టేదైతే తొంభై సెకన్ల మర్యాద మర్యాద కాదు.

అంతమాత్రాన 'ప్రాసెస్' అనే మాటే చెడ్డదని అనుకోకండి. డాకర్ సర్వీసు యూనిట్ ఫైల్లో అదే ఉంటుంది. అక్కడ అది కావాలనే పెట్టినది, డాకర్‌ను సరిచేసేటప్పుడు దాని సహాయక ప్రాసెస్‌లను సిస్టమ్‌డి ఊడ్చేయకుండా. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళు తమ పుస్తకంలో చూపే నమూనా 'మిక్స్‌డ్'. పైగా టర్మ్ బదులు ఇంటరప్ట్ సిగ్నల్. పోస్ట్‌గ్రెస్‌లో టర్మ్ అంటే వచ్చిన అతిథులందరూ తమంతట తాము వెళ్ళేదాకా ఆగడం, ఇంటరప్ట్ అంటే సగంలో ఉన్న లావాదేవీలను రద్దుచేసి పద్ధతిగా మూసేయడం. పిల్లల సంగతి ఇంటిపెద్దే చూసుకుంటుంది, సిస్టమ్‌డి మధ్యలో దూరకూడదు. ఇంటింటికీ ఆచారం వేరు. పక్కింటి ఫైలు నుంచి అతికించకూడదనేది అందుకే.

సీగ్రూపుకు అంతుపట్టనిది కూడా ఒకటుంది. మీ సర్వీసు డాకర్‌ను పిలిచి ఒక కంటెయినర్ నడిపిందనుకోండి. ఆ కంటెయినర్ మీ సర్వీసు బిడ్డ కాదు. పుట్టించింది డాకర్, ఇంటిపేరు డాకర్ పెట్టినది. మీ సర్వీసు టర్మ్ అందుకుంటే డాకర్ క్లయింటు ఆ కబురును కంటెయినర్‌కు చేరవేస్తుంది. కిల్ పడితే కబురు చెప్పేవాడే ఉండడు, కంటెయినర్ నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఈ ప్రాంతంలో ఎక్కడ చూసినా వినబడే కుబర్నెటీస్‌లోనూ ఇదే మర్యాద: ముందు టర్మ్, మామూలుగా 30 సెకన్ల గడువు, ఆపైన కిల్. అయితే కంటెయినర్ లోపల మీ ప్రోగ్రామే ఒకటో నంబరు అవుతుంది. ఒకటో నంబరువాడు టర్మ్‌ను పట్టుకోవడానికి ఏర్పాటు చేసుకోకపోతే కెర్నెల్ ఆ సిగ్నల్‌ను లెక్కచేయదు. పాడ్ ఆపితే కచ్చితంగా అరనిమిషం పడుతోందంటే సాధారణంగా కారణం ఇదే.

విద్యార్థులకు నేరుగా సంబంధించిన సంగతి ఒకటి మిగిలింది. ల్యాబ్ సర్వరులోకి ఇంటి నుంచి లాగిన్ అయి, రాత్రంతా నడిచే లెక్క ఒకటి పెట్టి బయటికి వచ్చేస్తారు. లాగిన్ అయినవాళ్ళకు కూడా సిస్టమ్‌డి ఒక గుంపు తెరుస్తుంది. 2016 మే నెలలో వచ్చిన 230వ వెర్షన్‌లో, లాగౌట్ అయిన మనిషి గుంపులో మిగిలినవాళ్ళందరినీ చంపడం మామూలు నియమంగా పెట్టారు. స్క్రీన్, టీమక్స్ వాడేవాళ్ళు గగ్గోలు పెట్టారు; డెబియన్ ఆ నియమాన్ని వెనక్కి తిప్పింది. మీ సర్వరులో ఎలా పెట్టారో సిస్టమ్ అడ్మినిస్ట్రేటరును అడిగాకనే థీసిస్ లెక్కలు నడపండి.

చదివి వదిలేయకుండా ల్యాబ్‌లో ఒకసారి చేసి చూడమని అధ్యాపక మిత్రులకు నా మనవి. ఒక షెల్ స్క్రిప్టు రాయండి: టర్మ్ వస్తే "వెళ్తున్నాను" అని రాసి ముగించమని మొదటి వరస, వెయ్యి సెకన్లు నిద్రపొమ్మని రెండో వరస, వెనకాల నడిచేట్టు, అదే నిద్ర మళ్ళీ మూడో వరస, ముందు నడిచేట్టు. దానికి చిన్న యూనిట్ ఫైలు పెట్టి మొదలుపెట్టి, స్టేటస్‌లో ముగ్గురు కనబడతారు గదా, చూసుకుని ఆపండి. టర్మ్ ముగ్గురికీ అందుతుంది, నిద్రలు రెండూ చస్తాయి, షెల్ తన మాట రాసి వెళ్ళిపోతుంది. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఇప్పుడు కిల్‌మోడ్ ప్రాసెస్ అని రాసి, సిస్టమ్‌డితో యూనిట్ ఫైళ్ళు మళ్ళీ చదివించి, మొదలుపెట్టి, మళ్ళీ ఆపండి. ఈసారి టర్మ్ షెల్‌కు మాత్రమే వెళుతుంది. షెల్‌కు ఒక అలవాటుంది, ముందు నడుస్తున్న ఆజ్ఞ పూర్తయ్యేదాకా సిగ్నల్‌కు జవాబు చెప్పదు. ఆ ఆజ్ఞేమో ఇంకా వెయ్యి సెకన్ల నిద్రలో ఉంది. మీ తెర కదలదు. తొంభై సెకన్లు గడిచాక షెల్‌కు కిల్ పడుతుంది, "వెళ్తున్నాను" అనే మాట జర్నల్‌లో ఉండదు, గడువు తీరి విఫలమైందని స్టేటస్ చెబుతుంది. దాని కిందనే, ఆగిపోయిన సర్వీసు గుంపులో, నిద్రలు రెండూ నిక్షేపంగా కనబడతాయి.